ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక సంగీతం: ఇంట్లో వాయించడం, రికార్డు చేయడం

(విశాఖపట్నం సిరిపురంలోని ఒక స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: వీణ టీచరు, గిటార్ మాస్టారు, రికార్డింగ్ ఇంజినీరు.)

వ్యాఖ్యాత: నమస్కారం. పిల్లలు ఎలక్ట్రిక్ గిటార్ మీద వర్ణాలు వాయించి, ఇంట్లోనే రికార్డు చేసి పంపుతున్నారు. వింటే స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి, రాగం మాత్రం కనబడదు. ఎక్కడ పోతోందంటారు, టీచరుగారూ?

వీణ టీచరు: మీటులో పోతోంది బాబూ. స్వరానికో మీటు వేస్తున్నారు. సరళీ స్వరాలకి, అంటే మొదటి పాఠాలకి, అది చెల్లుతుంది. వర్ణంలోకి వచ్చాక కూడా అలాగే కొడితే హార్మోనియం మెట్లు నొక్కినట్టుంటుంది. ఒక్క మీటు వేసి, ఆ నాదం బతికుండగానే ఎడమ చేత్తో మూడు నాలుగు స్వరాలు పలికించాలి. వీణ మీద మేం చేసేది అదే కదా.

గిటార్ మాస్టారు: అలా పలకాలంటే ముందు తీగ లొంగాలి కదండీ. కొట్టు నుంచి వచ్చిన గిటార్ ఇ-ఎ-డి-జి-బి-ఇ లో ఉంటుంది. అది కార్డులకి, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడానికి, పనికొచ్చే శ్రుతి. మనకి స-ప-స-ప-స కావాలి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్‌గారి ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి కూడా ఐదే తీగలు. గిటార్‌కైతే పది-నలభై ఆరు సెట్ ఒకటి కొని, అందులో 0.017 అంగుళాల మందం తీగ పక్కన పెట్టేయండి. మిగిలిన 0.010, 0.013, 0.026, 0.036, 0.046 లని సన్న తీగ నుంచి వరసగా డి, ఎ, డి, ఎ, డి కి శ్రుతి చేయండి. డి షడ్జం (స) అవుతుంది, అంటే రెండు శ్రుతి. సన్న తీగలు రెండూ, లావు తీగా ఒక్కో పూర్తి స్వరం దిగుతాయి. మధ్యవి రెండూ ఉన్నచోటే ఉంటాయి. దిగిన తీగల మీద బిగువు దాదాపు 20 శాతం తగ్గుతుంది. గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, కావలసింది ఆ మెత్తదనమే.

వ్యాఖ్యాత: ఆ ఒక్క తీగా తీసేయకుండా కుదరదా?

గిటార్ మాస్టారు: కొందరు ఇ ని షడ్జం చేసుకుని, జి తీగని బి దాకా ఎక్కిస్తారు. నాలుగు మెట్ల (ఫ్రెట్ల) ఎత్తు. 0.017 తీగ మీద బిగువు 60 శాతం దాకా పెరుగుతుంది. తెగకపోతే అదృష్టం. తెగకపోయినా, స్వరం పెంచడానికి పక్కకి లాగితే లొంగదు.

వ్యాఖ్యాత: మరి నట్ మీద, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీ మీద, తీసేసిన తీగ గాడి?

గిటార్ మాస్టారు: ఖాళీగా వదిలేయండి. రెండో తీగని ఆ ఖాళీలోకి ఎంతైనా లాగొచ్చు, పక్క తీగ అడ్డం రాదు.

వీణ టీచరు: దానికి నేనొప్పుకోను. తారస్థాయి నుంచి మంద్రానికి వేగంగా దిగేటప్పుడు ఆ గుంట దగ్గర వేలు తడబడుతుంది. ఐదు తీగలూ సమాన దూరంలో ఉండాలి.

గిటార్ మాస్టారు: అలాగైతే తీగలు ఒక్కో గాడి జరపాలి. 0.017 కి కోసిన గాడిలో 0.026 దిగదు, పైనే కూర్చుంటుంది. శ్రుతి చేస్తుంటే టిక్కుటిక్కుమని గెంతుతుంది. గాడిని వెడల్పు చేయించాలి తప్ప లోతు చేయించకూడదు. లోతైతే ఖాళీ తీగ మొదటి మెట్టుకి తగిలి జుయ్యిమంటుంది. గిటార్లు బాగుచేసేవాళ్ల దగ్గర నట్ ఆకురాళ్లుంటాయి, వాళ్లకే ఇవ్వండి. మొదటి ఆరు నెలలు మాత్రం ఖాళీ గాడితోనే వాయించమంటాను.

వీణ టీచరు: సరే, తోడి రాగంలో గాంధారం (గ) ఎలా పలికిస్తారు? మెట్టు మీద వేలు పెట్టి ఊరుకుంటే అది తోడి కాదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగాలి.

గిటార్ మాస్టారు: (గిటార్ అందుకుని) ఒకటో తీగ మీద ఖాళీ తీగ స, 1వ మెట్టు రి. నట్ పక్కన తీగ రాయిలా ఉంటుంది, అక్కడ లాగడం చెయ్యికి శిక్ష. అందుకే అదే స్థాయిని రెండో తీగ మీదికి తెచ్చుకోవాలి. ఎ తీగ 5వ మెట్టు స, 6 రి, 8 గ, 10 మ. ఇదిగో, 6 మీద నొక్కి మీటాను. ఉంగరం వేలు 8కి జారింది. మళ్లీ మీటకుండా అక్కడి నుంచి మధ్యమం వైపు లాగి వదిలాను. లాగేటప్పుడు నడిమి వేలు, చూపుడు వేలు వెనకాల ఆసరా ఉన్నాయి చూడండి. ఒంటి వేలితో లాగితే రెండు రోజుల్లో కీలు నొప్పి పుడుతుంది.

వీణ టీచరు: జారు, అదే ఆ వేలు జార్చడం, బాగుంది. ఊపు ఇంకా మెల్లగా రావాలి.

గిటార్ మాస్టారు: చిత్తం. ఇంకో ఇబ్బంది అంతర గాంధారం, తోడి గ కంటే ఒక మెట్టు పైనుండే గ. గిటార్ మెట్లు సమాన దూరపు స్వరాలకి కోసినవి. ఒకటో తీగ 4వ మెట్టు, తంబురాలో స్వయంగా వినబడే గాంధారం కంటే 14 సెంట్లు ఎక్కువ పలుకుతుంది. సెంటంటే మెట్టులో నూరో వంతు. తంబురా పెట్టుకుని దాని మీద నిలబడితే అలలు అలలుగా కొట్టుకుంటుంది.

వీణ టీచరు: మాకు మెట్లు మైనంలో ఉంటాయి. బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లివాళ్లు చెవితో విని కూర్చోబెడతారు.

గిటార్ మాస్టారు: గిటార్‌కి ఆ సుఖం లేదు. లాగితే స్వరం పైకే పోతుంది తప్ప కిందికి రాదు. కాబట్టి నిలిపే గాంధారాన్ని 3వ మెట్టు నుంచి లాగి, 4వ మెట్టు స్వరం అందే లోపే ఆపాలి. ఎత్తు మెట్ల గిటారైతే గట్టిగా నొక్కినా శ్రుతి పెరుగుతుంది, తేలిక చెయ్యి అలవాటు చేసుకోవాలి.

వ్యాఖ్యాత: గిటార్ కొనేటప్పుడే చూసుకోవలసినవి?

గిటార్ మాస్టారు: కదలని బ్రిడ్జి ఉన్నది తీసుకోండి. స్ప్రింగుల మీద తేలే ట్రెమొలో, అంటే కదిలే బ్రిడ్జి, ఉంటే, ఒక తీగ లాగగానే బ్రిడ్జి ముందుకి ఒరిగి మిగిలిన స-ప తీగలు శ్రుతి దిగిపోతాయి. ఇప్పటికే కొనేసి ఉంటే, లోపల స్ప్రింగుల పక్క సందులో చెక్కముక్క బిగించి దాన్ని కదలకుండా చేయొచ్చు. మెడ పలక మరీ గుండ్రంగా ఉండకూడదు. 7.25 అంగుళాల రేడియస్ పలక మీద తీగ ఎత్తు తక్కువ పెడితే, ఎక్కువ లాగినప్పుడు పై మెట్టుకి తగిలి నాదం చచ్చిపోతుంది. 12 అంగుళాలు, ఆ పైన అయితే మంచిది. 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు 1.8 నుంచి 2 మిల్లీమీటర్లు.

వ్యాఖ్యాత: ఇక రికార్డింగు. ఇంజినీరుగారూ, చాలామంది యాంప్ ముందు ఫోన్ పెట్టేస్తున్నారు.

ఇంజినీరు: అపార్టుమెంట్లో అది కుదరదండీ, ఫ్యాను మోతా, పక్కింటి కుక్కరూ అన్నీ పడతాయి. గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, అంటే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి నేరుగా ఇవ్వండి. ‘ఇన్‌స్ట్’ లేదా ‘హై-జీ’ అన్న మీట నొక్కడం మర్చిపోకండి. గిటార్ పికప్‌కి లైన్ ఇన్‌పుట్ బరువైపోతుంది, పై కాంతి పోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. మైకులకిచ్చే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఆపేయండి. రికార్డింగు నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. గట్టి మీటుకి మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్లు, 128 అయితే ఆలస్యం లోపలికి 2.7 మిల్లీసెకన్లు, బయటికి 2.7, పైన డ్రైవర్ తినేది కొంత. అదే 1024 పెడితే ఒక్కో వైపు 21. మీటిన తరవాత ఆలస్యంగా నాదం వినిపిస్తుంది కాబట్టి చెయ్యి తెలియకుండానే తాళానికి ముందు పరిగెడుతుంది.

గిటార్ మాస్టారు: నేరుగా ఇస్తే దోమ పాడినట్టుంటుంది కదా?

ఇంజినీరు: యాంప్‌తో పాటు స్పీకర్ పెట్టె నమూనా, అంటే ఐఆర్, కూడా వేయాలి. చాలామంది యాంప్ ఒక్కటే వేసి ఆపేస్తారు, దోమ అక్కడ పుడుతుంది. మెడ వైపు పికప్, టోన్ నాబ్ సగానికి. డిస్టార్షన్ జోలికి పోకండి. స-ప కలిస్తే ఓర్చుకుంటుంది గానీ స-గ కలిస్తే బురదే.

గిటార్ మాస్టారు: కంప్రెసర్, అంటే గట్టి నాదాన్ని తగ్గించి మెల్లటిదాన్ని నిలబెట్టేది, మాత్రం వాయించేటప్పుడే కావాలి నాకు. ఒక్క మీటుకి నాలుగు స్వరాలు నిలబడాలంటే నాదం సాగాలి.

ఇంజినీరు: మీ హెడ్‌ఫోన్‌లో వినిపించేలా పెడతాను, రికార్డయ్యేది మాత్రం పొడిగానే, ఏ ఎఫెక్టూ లేకుండా. నిష్పత్తి 3:1, అటాక్, అంటే కంప్రెసర్ పని మొదలుపెట్టడానికి పట్టే సమయం, 25 మిల్లీసెకన్ల చుట్టూ. అటాక్ మరీ వేగంగా పెడితే మీటు మొద్దుబారుతుంది. ఎక్కువ నొక్కితే చుట్టిన తీగల మీద జారు వేసినప్పుడు వచ్చే కీచు కూడా పైకి లేస్తుంది. తంబురాని వేరే ట్రాక్‌లో మొదటి నుంచి చివరిదాకా ఒకే విడతలో తీసుకోండి. పది సెకన్ల ముక్కని అతికించి తిప్పితే ఆ అతుకు ఆలాపన నిండా వినబడుతుంది. యాప్‌లో షడ్జం 293.66 హెర్ట్జ్ ఉందో లేదో చూసుకోండి.

వ్యాఖ్యాత: లాసన్స్ బే నుంచి ఒక ప్రేక్షకుడి ప్రశ్న. గిటార్‌లో ఒకటే హమ్, తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది. షాక్ కొడుతుందా అని భయం.

ఇంజినీరు: చెయ్యి వేస్తే తగ్గిందంటే గిటార్ లోపలి ఎర్త్ వైరు పనిచేస్తోందని. సింగిల్ కాయిల్, అంటే ఒకే తీగచుట్ట ఉన్న పికప్ అయితే 50 హెర్ట్జ్ హమ్ కొంత తప్పదు. ల్యాప్‌టాప్ చార్జరు, ఫ్యాను రెగ్యులేటరు, ట్యూబ్‌లైటు ఒక్కొక్కటీ ఆపి చూడండి, గిటార్‌ని పావు వంతు పక్కకి తిప్పండి, ఎక్కడ తగ్గిందో తెలిసిపోతుంది. యాంప్ ప్లగ్ మూడో పిన్ను మాత్రం ఎప్పుడూ తీయకండి. హమ్ పోతుందని తీసేవాళ్లున్నారు, యాంప్ లోపల లోపముంటే కరెంటు మీ తీగల్లోకి వస్తుంది. పందిట్లో వాయించేటప్పుడు గిటార్‌ని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్సు మీది ‘గ్రౌండ్ లిఫ్ట్’ మీట నొక్కొచ్చు. అది తెంచేది సిగ్నల్ ఎర్త్‌ని, కరెంటు ఎర్త్‌ని కాదు.

గిటార్ మాస్టారు: సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి ఇంకోటి. ఉప్పు గాలికి మామూలు తీగలు తొందరగా తుప్పు పడతాయి, తుప్పు తీగ మీద జారు గరగరమంటుంది. పూత ఉన్న తీగలు వాడండి, వాయించాక పొడి గుడ్డతో కింద వైపు కూడా తుడవండి. వాల్యూమ్ నాబ్ చరచరమంటే అదీ తేమ పనే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు తిప్పితే చాలా వరకు పోతుంది.

వ్యాఖ్యాత: ఆఖరి మాట. మృదంగం వేరే ఊళ్లో రికార్డు చేయించుకునేవాళ్లకి?

ఇంజినీరు: వేవ్ ఫైలే పంపండి. ఎంపీ3 చేస్తే మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది, తిరిగొచ్చిన ట్రాక్ మీ తాళానికి కూడదు. తంబురా కలిపి, పాటకి ముందు ఒక ఆవర్తనం (తాళంలో ఒక పూర్తి చుట్టు) తాళం వేసి పంపండి.

వీణ టీచరు: ఎడుపు, అంటే తాళంలో పాట ఎత్తుకునే చోటు, ఎక్కడో కూడా నోటితో చెప్పి పంపండి. ఒకటిన్నర అక్షరం తరవాత ఎత్తుకునే కృతిని సమం, అంటే తాళం మొదట్లోనే ఎత్తు, అనుకుని వాయించేస్తే, పాపం మృదంగం ఆయన మొత్తం మళ్లీ వాయించాలి.