మ్యూనిక్ చలి, అమ్మ చెంపలు, బియ్యం పెప్టైడ్ క్రీము

అందరికీ నమస్కారం అండీ. కిటికీ బయట మంచు కనిపిస్తోంది కదా, ఉదయం నుంచీ ఇలాగే కురుస్తోంది. అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి మూడు వారాలైంది. గోదావరి గాలికి అలవాటైన ఒళ్లు. ఇక్కడ హీటర్ల పొడి గాలి, దానికి తోడు మ్యూనిక్ కుళాయిలో సున్నం నీళ్లు. పాపం చెంపలు పగిలి, మొహం కడిగితే చాలు చురుక్కుమంటున్నాయి. వెంట తెచ్చుకున్న సున్నిపిండి పెట్టుకోబోతే నేనే వద్దన్నాను. పగిలిన చోట రుద్దితే ఇంకా మండుతుంది.

నిన్న ఇద్దరం డీఎమ్ అని, సబ్బులూ క్రీములూ అమ్మే షాపుకి వెళ్లాం. క్రీముల వరస ముందు నిలబడి "ఈ పెప్టైడ్ ఏంటే?" అని అడిగింది అమ్మ.

ప్రోటీన్ అంటే పొడవాటి పూసల దండ అనుకోండి. పూసలు అమైనో ఆమ్లాలు. బియ్యం, సోయా, గోధుమల ప్రోటీన్‌ని ఎంజైములతో తెంపితే వచ్చే పొట్టి దండలే పెప్టైడ్లు. డబ్బా వెనక హైడ్రోలైజ్డ్ రైస్ ప్రోటీన్ అని ఉంటే అందులో ఉండేవి అవే.

"అయితే మన బియ్యం కడుగు నీళ్లేగా!" అంది. కాదమ్మా, ఆ నీళ్లలో ఎక్కువ పిండే. ఉన్న కాస్త ప్రోటీనూ తెగని దండే.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. అణువుల బరువుని డాల్టన్లలో కొలుస్తారు. 500 డాల్టన్లు దాటిన అణువు చర్మం పైపొర దాటి లోపలికి పోవడం కష్టం. మొక్కల ప్రోటీన్ ముక్కలు చాలావరకు అంతకంటే పెద్దవి. అవి పైనే పల్చటి పొరలా ఉండి తేమని పట్టి ఉంచుతాయి. ముడతల క్రీముల్లో పేరున్న పాల్మిటాయిల్ పెంటాపెప్టైడ్-4 వేరు. దాన్ని ల్యాబులో తయారుచేసి, లోపలికి దిగడానికి కొవ్వు ఆమ్లం తగిలిస్తారు. డబ్బా మీద ఆకు బొమ్మ చూసి రెండూ ఒకటే అనుకోకండి. ముడతలే మీ బెంగైతే ముందు సన్‌స్క్రీన్ కొనండి.

గోధుమ ఉన్నవి మాత్రం పక్కన పెట్టేశాను. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ ముక్కలు కలిపిన ఒక ముఖం సబ్బు వాడి 2,000 మందికి పైగా గోధుమ అలర్జీ వచ్చింది. సబ్బు మానేసినా రొట్టె తింటే దద్దుర్లు, ఊపిరాడకపోవడం! 2011లో ఆ సబ్బుని వెనక్కి రప్పించారు. ఆ ముక్కలు మరీ పెద్దవి. అందుకే యూరప్‌లో ఇప్పుడు వాటి సగటు బరువు 3,500 డాల్టన్లు మించకూడదని నిబంధన ఉంది. ఇక్కడ అమ్ముతున్నవి దానికి లోబడే ఉంటాయి. అయినా పగిలిన చర్మం మీద, అదీ అమ్మకి, నాకు ధైర్యం చాలలేదండీ.

చివరికి డబ్బా వెనక పదార్థాల జాబితాలో గ్లిజరిన్ పైన ఉండి, బియ్యం పెప్టైడ్లు కలిసి, సువాసన లేని క్రీము తీసుకున్నాం. రాత్రి మోచేతి మడతలో కొంచెం రాసి చూశాం. ఇవాళ ఎర్రబడలేదు, దురదా లేదు. ఇంకో రెండు రోజులు అక్కడే రాసి, అప్పుడు చెంపలకి. అప్పటిదాకా అమ్మకి కొబ్బరినూనే.