వీపు మీద 1966 అని ఉన్నంత మాత్రాన అది 1966 బార్బీ కాదండి

హాయ్ అండి అందరికీ! ఇదిగో, దీని జుట్టు చూడండి, పాదాల దాకా ఉంది కదా, ఇదే టోటల్లీ హెయిర్ బార్బీ. నాకు ఆన్‌లైన్‌లో అమ్మినాయన "1966 ఒరిజినల్ వింటేజ్" అని పెట్టాడు, నేనూ నమ్మేసి ఆ రేటు కట్టేశా, ఎందుకంటే నడుం వెనకాల నిజంగానే మ్యాటెల్ (బార్బీని తయారుచేసే కంపెనీ) 1966 అని అచ్చు ఉంది. ఉండండి, కెమెరా దగ్గరికి తెస్తా... కనబడిందా? కానీ ఈ బొమ్మ షాపుల్లోకి వచ్చింది 1992లో! చాలా బాధేసింది, మీకెవరికీ అలా జరక్కూడదనే ఈ వీడియో చేస్తున్నా.

ఆ 1966 అనేది బొమ్మ తయారైన సంవత్సరం కాదండి, ఆ బాడీ డిజైన్‌కి కాపీరైట్ వేసుకున్న సంవత్సరం. 1967లో ట్విస్ట్ ఎన్ టర్న్ అని నడుం తిరిగే బార్బీ వచ్చింది, ఆ బాడీకి వేసిన ఈ 1966 మార్కే 90ల దాకా బొమ్మల మీద పడుతూ వచ్చింది. ఇంకోటి, తల లోపలి అంచు మీద 1976 అని ఉంటుంది, అది 1977లో వచ్చిన సూపర్‌స్టార్ బార్బీ ముఖం, దీనికీ అదే ముఖం. అంటే ఒకే బొమ్మ మీద రెండు సంవత్సరాలు, రెండూ దాని వయసు కాదు. అందుకే ముఖం, జుట్టు, డ్రెస్ అన్నీ కలిపి చూడాలి. అన్నట్టు 1967లో పాత బార్బీ తెచ్చిస్తే ఒకటిన్నర డాలర్‌కే కొత్తది ఇచ్చారట, ఎంతమంది పిల్లలు మొదటి బొమ్మల్ని అలా ఇచ్చేశారో తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది నాకు.

మరి అసలు మొదటిది ఎలా గుర్తుపట్టాలి? పాదాలు తిప్పి చూడండి. 1959 మార్చి 9న న్యూయార్క్ టాయ్ ఫెయిర్‌లో మ్యాటెల్ పెట్టినవాళ్ళలో ఒకరైన రూత్ హ్యాండ్లర్ గారు చూపించిన బొమ్మ ఇది, కూతురు బార్బరా పేరే పెట్టారు, ఆవిడ స్విట్జర్లాండ్‌లో చూసిన లిల్లీ అనే జర్మన్ బొమ్మ నుంచి వచ్చిన ఐడియా. పదకొండున్నర అంగుళాలు, చారల స్విమ్‌సూట్, 3 డాలర్లు, తయారీ జపాన్‌లో. మొదటి ఏడాదే దాదాపు 3.5 లక్షలు అమ్ముడయ్యాయి. మొదటి బార్బీల్లో వచ్చిన మార్పుల్ని బట్టి కలెక్టర్లు నంబర్ వన్, టూ, త్రీ అంటారు. ఆ నంబర్ వన్‌కి పాదాల్లో రంధ్రాలు, వాటిల్లో రాగి గొట్టాలు ఉంటాయి, స్టాండ్ మీద నిలబెట్టడానికి. నంబర్ టూకి రంధ్రాలుండవు. రెండింటికీ కంటి నల్లచుక్క చుట్టూ రంగు ఉండదు, తెల్లగానే ఉంటుంది, నీలం కళ్ళు నంబర్ త్రీ నుంచి. అప్పటి వినైల్ (బొమ్మ చేసిన ప్లాస్టిక్) రంగు నిలవక ఒళ్ళంతా పాలిపోతుంది, సెల్లర్ ఫొటోలో చర్మం తెల్లగా ఉంటే కంగారు పడకండి. అలాగే చెవి దగ్గర ఆకుపచ్చగా ఉందేమో తప్పకుండా అడగండి, కమ్మల్లో లోహం వినైల్‌లోకి దిగి వచ్చే మచ్చ అది, పోగొట్టడం చాలా కష్టం. 1994లో 35వ వార్షికోత్సవానికి మొదటి బార్బీలాగే మళ్ళీ చేసి అమ్మారు, దాన్ని పాతదనుకుని కొనేయకండి.

సరే, దీని సంగతి. జుట్టుకి ఫుల్ మార్కులు! ముప్పై ఏళ్ళు దాటినా, చివరల నుంచి మొదలుపెట్టి పైకి పాయలు పాయలుగా దువ్వితే చిక్కంతా వచ్చేసింది, చూడండి ఎలా జారుతుందో. డ్రెస్ రంగులు బాగానే ఉన్నాయి, మోకాలు వంచితే టక్ టక్ మని ఆగుతోంది, చెవులు క్లీన్. బాక్స్ లేదు, షూస్ లేవు. కోటికి పైగా అమ్ముడైన బొమ్మ కాబట్టి బాక్స్ లేకుండా ఎక్కువ రేటు పెట్టాల్సిన పనే లేదు, నేను పెట్టినదాంట్లో సగం కూడా పెట్టకండి. కానీ నేనిది తిరిగి అమ్మనండి, ఇంత జుట్టున్న బొమ్మ నా చిన్నప్పుడు ఎదురింటి అక్క దగ్గర ఉండేది, ఒక్కసారి దువ్వనిస్తే చాలు అనుకునేదాన్ని. ఈసారి సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు మీద, కొండపల్లి బొమ్మల పక్కనే పెడతా, జడ మాత్రం మా అమ్మ వేస్తానంది.