మడి కొలిచాకే రోటవేటర్

పెద్దలకీ, అన్నదమ్ములకీ, వెనక వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్లకీ నమస్కారం.

ట్రాక్టరు పనిముట్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజినీర్ని కాను. పర్లాకిమిడి పక్కన నాలుగున్నర ఎకరాల రైతుని. అది కూడా పదకొండు ముక్కలు. సగం మహేంద్రతనయ ఏటి వైపు పల్లం, మిగతాది కొండ వాలున గరువు, అంటే మెట్ట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా అని గీత గీశారు గానీ, అటు ఆంధ్రా వైపు పాతపట్నం మట్టీ ఇటు మన మట్టీ ఒకటే. మన కష్టాలూ ఒకటే.

ముందు నా తప్పు చెప్తాను. ఏడేళ్ల కిందట 35 హార్స్‌పవర్ ట్రాక్టరు కొని, దానికి ఆరడుగుల రోటవేటర్, అదే బ్లేడులు తిరుగుతూ మట్టిని పిండి చేసే పనిముట్టు, తగిలించాను. "పెద్దదైతే పని తొందరగా అయిపోతుందండీ" అన్నాడు అమ్మినాయన. మైదానంలో అయితే నిజమే. మా గరువులో దించగానే ఇంజను మూలిగింది, పొగ నల్లబడింది. సరేనని పైకెత్తి గట్టు ఎక్కించబోయాను. ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. నాలుగు క్వింటాళ్ల ఇనుము వెనక వేలాడుతుంటే లేవవా మరి! మా ఆవిడ వేసిన కేక పక్క ఊరికి వినబడింది.

నేనిప్పుడు వాడే మోటు లెక్క ఇది. నేల మెత్తనిదైతే రోటవేటర్ వెడల్పు అడుక్కి ఏడు హార్స్‌పవర్, గట్టిదైతే తొమ్మిది, పది. నా బండికి నాలుగడుగులది సరి, మహా అయితే ఐదు. ఈ లెక్క ఆ రోజు తెలిసుంటే ఆరడుగులది ముట్టుకునేవాణ్ణే కాదు.

హార్స్‌పవర్ ఒక్కటే కాదు, గంటలు కూడా లెక్కేయండి. ఐదడుగులంటే మీటరున్నర. గంటకి మూడు కిలోమీటర్ల నడక మీద వెళ్తే 4,500 చదరపు మీటర్లు దున్నాలి. ఎకరం 4,047. అంటే గంటలోపే ఎకరం అవ్వాలి. అవుతుందా? మడి చివర ఆపి, ఎత్తి, తిప్పి, మళ్లీ దించేసరికి మన చిన్న మడుల్లో గంటన్నర పడుతుంది. నాలుగున్నర ఎకరాలకి రెండేసి సాళ్లు వేస్తే 14 గంటల లోపే. ఏడాదికి ఒక పంటకి 14 గంటల పని కోసం అప్పు చేసి కొన్న సామాను, మిగతా రోజులన్నీ టార్పాలిన్ కింద తుప్పు పడుతుంది. అందుకే రోటవేటర్ నేనైతే అద్దెకే తెచ్చుకోమంటాను, లేదా ఐదారుగురు కలిసి కొనుక్కోమంటాను. సొంతానికి గొర్రు ఉండాలి, వెనక ట్రాలీ ఉండాలి. ఎరువు, గడ్డి, ధాన్యం, ఇటుక, పెళ్లి సామాను, ఏది తోలినా ట్రాలీకి పనే. దమ్ముకి ఇనుప చక్రాలు ఎలాగూ తప్పవు, కాకపోతే వాటితో తారు రోడ్డెక్కకండి.

గొర్రు కొనేటప్పుడు స్ప్రింగులున్నదే చూడండి. మన గరువుల్లో రాయి తగిలితే స్ప్రింగు వెనక్కి వంగి దాటిపోతుంది. గట్టిగా బిగించినదైతే కాలైనా విరుగుతుంది, ఫ్రేమైనా వంకరపోతుంది.

రోటవేటర్ మీద నాకింకో కోపం ఉంది. అది తిరిగేది నాలుగైదు అంగుళాల లోతునే. ఏటా అదే లోతున తిరిగితే కింద మట్టి రాయిలా గట్టిపడుతుంది. వరికి మంచిదే, నీళ్లు నిలుస్తాయి. అదే చోడికో (రాగికో) వేరుశనక్కో వేరు అక్కడే ఆగిపోతుంది. రెండు మూడేళ్లకోసారి నాగలితో లోతుగా దున్నించుకోవాలి. ఇక వాలు భూమిలో మట్టిని పిండి చేశారంటే, తొలకరి రెండు వానలకే ఆ పిండంతా ఏట్లో ఉంటుంది. వాలుకి అడ్డంగా గొర్రు వేయండి చాలు. జీడితోటలో అయితే పెద్ద ట్రాక్టరుతో వెళ్లి కొమ్మలు విరగ్గొట్టుకోవద్దు, చిన్నది అద్దెకి తెచ్చుకోండి.

సబ్సిడీ సంగతి క్లుప్తంగా. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద చిన్న, సన్నకారు రైతులకి, ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి పనిముట్టు ధరలో 50 శాతం దాకా, మిగతావాళ్లకి 40 దాకా ఇస్తారు. దానికో పైపరిమితి ఉంటుంది. మంజూరు కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టండి. షాపాయన మాట మీద కట్టకండి.

అక్కలూ, ఇది మీక్కూడా. ఇంజను బలాన్ని పనిముట్టుకి అందించడానికి ట్రాక్టరు వెనక తిరిగే ఇరుసు, పీటీవో షాఫ్ట్, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి తొమ్మిది. చీర కొంగు, లుంగీ అంచు దానికి చుట్టుకుందంటే "అయ్యో" అనే టైము కూడా ఉండదు. దాని మీద ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, గ్రీజు పెట్టడానికి అడ్డమని మనవాళ్లు తీసి పారేస్తారు. తీయకండి. ఇంజను ఆపాకే దిగండి. ఆ షాఫ్ట్ దగ్గరే తెగడానికని ఒక మెత్తటి బోల్టు ఉంటుంది. రాయి పడితే అది తెగి గేర్‌బాక్సుని కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని నేను ఓసారి గట్టి బోల్టు వేశాను. బోల్టు భేషుగ్గా ఉంది, గేర్‌బాక్సే పోయింది.

బయట చింతచెట్టు కింద రెండు బ్లేడులు పెట్టాను. ఒకటి కొత్తది, ఇంకోటి మా గరువులో రెండు సీజన్లు తిరిగింది. చేత్తో పట్టుకుని చూడండి. ఈలోపు ఎవరి మడి వెడల్పు ఎంతో, బండి ఎన్ని హార్స్‌పవరో చెప్పండి, కాగితం మీద లెక్క వేద్దాం.