మైరా అంటే ఏమి?

నమస్కారమండీ. రేడియోవాళ్లు నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఆ పది నిమిషాలూ ఒకే ఒక పేరు గురించి చెప్తాను. ఆడపిల్ల పేరు. మైరా. మళ్లీ చెప్తున్నా, సరిగ్గా వినండి, సరిగ్గా వినకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. మై... రా.

మా తమ్ముడి కొడుక్కి కూతురు పుట్టింది. వాళ్లుండేది బెంగళూరు, కాన్పు అనంతపురంలో, తొట్లె వేసింది మాత్రం తాడిపత్రిలో మా ఇంట్లోనే. మఖ నక్షత్రం, మ, మి, ము, మే, ఈ నాలుగక్షరాల్లో ఏదో ఒకటి ముందు రావాలన్నారు అయ్యవారు. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో మావాడు పేరు రాశాడు, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాడు, అందరం అక్షింతలు వేశాం. అప్పుడు మా అమ్మ, ఎనభై ఆరేళ్ల మనిషి, ఒక చెవి బాగా మందం, ఇంటిల్లిపాదీ జేజీ అని పిలిచే మనిషి, గోడకు ఆనుకుని కూర్చున్న చోటునుంచే గట్టిగా అడిగింది.

"ఏం పేరు పెడితిరి నాయనా?"

"మైరా, జేజీ."

"మైలనా?"

"మైల కాదు జేజీ, మైరా!"

"అదే కదప్పా నేను అడిగేది! పురుడు ఎళ్లి, ఇల్లంతా కడుక్కొని, మైల పోయినాకనే కదా పేరు పెట్టేది. మళ్లా పేరే మైల అంటారేంది?"

ఇల్లంతా నవ్వులు. మా కోడలు మాత్రం నవ్వలేదు, పాపం. ఆ మంట చల్లారకముందే మా చిన్నాన్న అందుకుని, "కాదులే వదినా, మైరావణుడి చెల్లెలు అయ్యుంటాది" అన్నాడు. నిమ్మలకుంట వాళ్ల తోలుబొమ్మలాటలు రాత్రంతా కూర్చుని చూసిన తరం వాళ్లది. మై అని వినపడగానే వాళ్లకు గుర్తొచ్చేది పాతాళలంక, రామలక్ష్మణుల్ని నిద్రలో ఎత్తుకుపోయిన మైరావణుడు, వెతుక్కుంటూ పోయిన ఆంజనేయులు. వాళ్ల తప్పేముంది, కొత్తమాట వింటే చెవి తనకు తెలిసిన మాటనే వెతుక్కుంటుంది.

మావాడు ఫోన్ తీసి చూపించాడు. "సంస్కృతం అత్తా, ప్రియమైనది అని అర్థం, ఇక్కడ రాసుంది చూడు." సరే, ఫోన్లో రాసుంది కదా అని ఊరుకునే దాన్ని కాదు నేను, ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని. నా దగ్గరున్న నిఘంటువులన్నీ తిరగేశా. మైరా లేదు. ఆ పక్కల దొరికిన మాట ఏమిటో తెలుసా? మైరేయం. అమరకోశంలో మైరేయం, ఆసవం, సీధువు అని వరసగా ఉంటాయి, అన్నీ కల్లూ సారాయి జాతివే. ఈ సంగతి నేను ఆరోజు ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు రేడియోలో చెప్తున్నా, మా కోడలు వినకుండా ఉంటే చాలు.

మరి ఎక్కడిది ఈ పేరు? ఇదీ నాకు బాగా నచ్చిన కథ, కాస్త నిదానంగా చెప్తాను.

ఇంగ్లండులో ఫుల్క్ గ్రెవిల్ అని ఒకాయన ఉండేవాడు. 1554లో పుట్టాడు. ఎలిజబెత్ రాణి కొలువులో పనిచేశాడు, ఆమె తర్వాత జేమ్స్ రాజు దగ్గర కూడా పెద్ద పదవులు చేశాడు, వారిక్ కోట ఆయనకు ఇనాముగా వచ్చింది. డబ్బుకు, హోదాకు లోటు లేదు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. చేసుకోని మనిషి ప్రేమ కవిత్వం రాశాడు, ఒకటీ రెండూ కాదు, వందకు పైగా. ఆ పద్యాల్లో ఆయన పిలుచుకునే ఆడవాళ్లు ముగ్గురు, వాళ్లలో ఒకామె మైరా. అంతకు ముందు ఆడపిల్లలకు ఈ పేరు పెట్టిన దాఖలా లేదు, ఆయన కలంలోనే పుట్టిందని పేర్ల చరిత్ర రాసినవాళ్లు అంటారు. కాలం ఏదంటే, తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మన పెనుకొండకు మార్చుకుని ఏలుతున్న రోజులు, కొంచెం అటూ ఇటూగా. ఇక్కడ పెనుకొండ కొండమీద వాళ్లు, అక్కడ లేని మనిషికి పేరు పెట్టుకుని పద్యాలు రాసుకుంటున్న ఈయన.

ఆ పద్యాలు ఆయన బతికుండగా పుస్తకంగా అచ్చు కాలేదు. 1628లో ఆయన సొంత నౌకరే ఆయన్ని కత్తితో పొడిచాడు. వీలునామాలో తనకు తగినంత రాయలేదని నౌకరు కోపం అంటారు. దాదాపు నెలరోజులు మంచంలో ఉండి పోయాడు పెద్దాయన. పద్యాలు అచ్చయింది 1633లో. సమాధి మీద ఏం చెక్కాలో తానే ముందు రాసిపెట్టుకున్నాడు: ఎలిజబెత్ రాణికి సేవకుడు, జేమ్స్ రాజుకు మంత్రాంగం చెప్పినవాడు, ఫిలిప్ సిడ్నీ అనే కవికి స్నేహితుడు. అంతే. రాణి ఉంది, రాజు ఉన్నాడు, స్నేహితుడు ఉన్నాడు. మైరా లేదు.

ఆమె నిజంగా ఉందో, ఊహో, ఆయనకే తెలియాలి. కానీ ఒక ఊహాగానం ఉంది, నాకు ఇష్టమైనది. ఇంగ్లీషులో మేరీ అని రాసే నాలుగక్షరాలనూ అటూ ఇటూ మార్చండి, మైరా వస్తుంది. ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని రాసి చూడండి, వస్తుంది. మేరీ అనే ఆమె పేరును దాచిపెట్టాడా? దాచిపెట్టే ఉంటాడని నా మనసు చెప్తుంది, రుజువు అడగొద్దు. ఆయన సమాధి ఉన్నది వారిక్‌లో సెయింట్ మేరీ గుడిలోనే అని తెలిసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో మాట ఏమిటంటే, లాటిన్‌లో మిర్రా అనే మాటనుంచి తీసుకున్నాడేమో అని. మిర్రా అంటే ఏదో కాదండీ, బోళం. మన మూలికల అంగళ్లలో దొరికే బోళమే, పాతకాలం బాలింత మందుల్లో పడేది. మన క్రైస్తవ శ్రోతలకు ఇంకా బాగా తెలుసు, పసిబిడ్డ ఏసును చూడటానికి తూర్పునుంచి వచ్చిన జ్ఞానులు తెచ్చిన కానుకలు బంగారం, సాంబ్రాణి, బోళం. ఈ సంగతి జేజికి చెప్పా. "బోళమా? మరి ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మే, మీయందరి కాన్పులకూ నాకు అదే కదా పెట్టింది" అంది. మైల పోయి బోళం అయ్యింది ఆమె లెక్కలో. నాకు ప్రాణం కుదుటపడింది.

తర్వాతి చరిత్ర గబగబా చెప్పేస్తా, గడియారం చూస్తున్నా. రెండు మూడు వందల ఏళ్లు కవులే వాడుకున్నారు, పంతొమ్మిదో శతాబ్దానికి ఇళ్లలోకి, ముఖ్యంగా స్కాట్లండులో, నిజం ఆడపిల్లల పేరుగా వచ్చింది. మైరా హెస్ అని గొప్ప పియానో విద్వాంసురాలు, రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ నేషనల్ గ్యాలరీలో బొమ్మలన్నీ బాంబుల భయానికి వేరే ఊళ్లకు తరలిస్తే, ఖాళీ గోడల మధ్య మధ్యాహ్నం భోజనం వేళకు కచేరీలు పెట్టించింది, 1939 అక్టోబరులో మొదలుపెట్టి ఆరేళ్లకు పైగా, దాదాపు 1,700 కచేరీలు. అదే దేశంలో 1966లో పిల్లల్ని చంపిన కేసులో శిక్షపడిన ఒకామె పేరు కూడా మైరాయే, అప్పటినుంచి ఆ పేరు మీద అక్కడ నీడ పడింది. పేరు ఏం చేస్తుంది, మోసేవాళ్లను బట్టి.

మన దగ్గరికి ఎట్లా వచ్చింది? నా లెక్క ఇది. రెండక్షరాల పేరు, చివర ఆకారం, పలికితే మీరాకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పరాయిది అనిపించదు, రేపు బిడ్డ అమెరికా పోయినా అక్కడివాళ్ల నాలుక తిరుగుతుంది. కియారా, నైరా, అమైరా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. మా బళ్లో నేను చేరిన కొత్తలో హాజరు పిలిస్తే ఓబులమ్మ, మద్దమ్మ, కదిరమ్మ, చౌడమ్మ. ఓబులమ్మ అంటే ఆ ఇంటి దేవుడు అహోబిలం నరసింహస్వామి, కదిరమ్మ అంటే కదిరి. పేరు వింటే ఏ గుడికి తలనీలాలు ఇస్తారో తెలిసేది. మైరా అంటే ఏ గుడీ తెలియదు. ఇది తప్పని అనను. కానీ ఆ హాజరు పట్టీ నాకు గుర్తొస్తుంది, ఏం చేసేది.

అన్నట్టు నేను కూడా ఒక పేరు చెప్పా అప్పట్లో. మొల్ల. మన కడప జిల్లా, బద్వేలు పక్కన గోపవరం, రామాయణం రాసిన ఆతుకూరి మొల్ల. మొల్ల అంటే మల్లెజాతి పువ్వు. కవి పేరే కావాలంటే మన కవి పేరే ఉండనీ అన్నా. అయ్యవారు "మొ పుబ్బకు పోతుందమ్మా, మీది మఖ" అన్నారు. మా కోడలు ఇంకా మర్యాదగా, "పెద్దమ్మా, బళ్లో పిల్లలు మొలలు అని ఏడిపిస్తారేమో" అంది. ఇక నేను నోరు మూసుకున్నా.

సరే, ఇప్పుడు పనికొచ్చే మాట ఒకటి. ఒకటే.

కొత్త పేరు పెట్టండి, మీ ఇష్టం. కానీ కాగితం ఎక్కించే ముందు రెండు పనులు చేయండి. వీధి గుమ్మంలో నిలబడి పెరట్లో ఉన్న జేజికి వినపడేలా ఆ పేరును గట్టిగా పిలవండి, ఆమెకు ఏమని వినపడిందో అడగండి. తర్వాత తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి, ఇంట్లో అందరూ ఒకే రకంగా రాస్తున్నారో లేదో చూడండి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి, అది అందరికీ తెలుసు. పేరు మాత్రం అప్పుడే ఇవ్వకపోయినా ఫరవాలేదు, పన్నెండు నెలల్లోగా రుసుము లేకుండా రాయించుకోవచ్చు, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి రాయించుకోవచ్చు. కాబట్టి పేరు తేలలేదని టెన్షన్ పడి ఏదో ఒకటి రాయించి రాకండి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం, బడిలో చేర్చినా, పాస్‌పోర్టుకైనా అదే చూస్తారు. అందులో ఒక అక్షరం, ఆధార్‌లో ఇంకో అక్షరం ఉంటే తిరిగేది మీరే.

మా ఇంట్లో ఇప్పుడు అదే తకరారు. పదకొండో నెల నడుస్తోంది, పేరు గడి ఇంకా ఖాళీ. మావాడు వై పెట్టి రాస్తాడు, మా కోడలు ఏ, ఐ పెట్టి రాస్తుంది. వై పెడితేనే మేరీ అక్షరాలు సరిపోతాయిరా అని నేను చెప్తున్నా, నా మాట ఎవరు వింటారు. అద్దం అవతలనుంచి చెయ్యి ఊపుతున్నారు, టైము అయిపోయినట్టుంది. ఒరే నాయనా, వింటుంటే ఈ సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి ఆ పని చూసుకుని పో. సెలవు, నమస్కారం.