సైలెంట్ ప్యాడ్లు అన్నారు, స్టిక్కర్ కూడా ఇచ్చారు

నమస్తే అండి. ముందు ఈ శబ్దం వినండి. నేనేం మాట్లాడను, హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

విన్నారా? చిన్న చిన్న గతుకుల మీద టికటికటిక. తర్వాత బండి ఆగబోయే ముందు, ఆఖరి రెండు మీటర్లలో, కీ...చ్ మని ఒక కూత. ఈ రెండింటితో నాలుగు నెలలు కాపురం చేశాను. సరిగ్గా అప్పుడే ఈ డబ్బా వచ్చింది. బండి ముందు డిస్క్‌కి వేసే సింటర్డ్ బ్రేక్ ప్యాడ్లు, అంటే లోహపు పొడిని వేడితో గట్టిపరిచి చేసినవి. కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులివ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. సైజులు, ఏ బండికి సరిపోతాయి, గ్రేడ్ ఏంటి, అవన్నీ మీరు ఈపాటికి వేరే చోట చూసే ఉంటారు, నేను మళ్లీ చదవను. డబ్బా మీద ఇంత పెద్ద అక్షరాలతో ‘శబ్దం ఉండదు’ అని రాశారు చూడండి, నా గొడవంతా ఆ రెండు మాటలతోనే.

వేశాను. శబ్దం పోయింది. రెండూ పోయాయి. ఇంకేం, థంబ్స్ అప్ చూపించి వీడియో ముగించెయ్యొచ్చు. కానీ నాకు అనుమానం పట్టుకుంది. ప్యాడ్లు మార్చాలంటే వాటిని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ విప్పాలి కదా. విప్పినప్పుడు చేతులు ఊరుకోవు, ఇంకో మూడు పనులు కూడా చేశాను. మరి శబ్దం ఆపింది ప్యాడ్లా, ఆ మూడు పనులా? అదృష్టం కొద్దీ పాత ప్యాడ్లు పడెయ్యలేదు. మందం ఇంకా ఉంది వాటికి. వారం తర్వాత కొత్తవి తీసేసి పాతవే మళ్లీ వేశాను. కెమెరా పట్టుకున్న మా తమ్ముడు ‘అన్నా, నీకు వేరే పనేం లేదా’ అన్నాడు. లేదు నిజంగానే.

పాత ప్యాడ్లతో కూడా టికటిక రాలేదండి. ఒక్కసారి కూడా రాలేదు.

కారణం ఇదిగో. రేయ్, దగ్గరగా పట్టు. ఈ పల్చటి రేకు కనిపిస్తోందా? వేలెడంత ఉంటుంది. దీన్ని ప్యాడ్ స్ప్రింగ్ అంటారు. క్యాలిపర్ లోపల ప్యాడ్ల వీపు మీద కూర్చుని వాటిని ఒక పక్కకి నొక్కి పట్టుకోవడమే దీని పని. ఇది లేకపోతే ప్యాడ్లు పిన్ను మీద వదులుగా వేలాడుతూ, ప్రతి గతుక్కీ క్యాలిపర్ గోడకి కొట్టుకుంటాయి. ఇక్కడ చూడండి, ఈ రెండు చెవులు పైకి ఉండాలి. నా బండిలో కిందికి ఉన్నాయి. తిరగేసి పెట్టారు. ఎవరో మెకానిక్ కాదండి, పోయినసారి ప్యాడ్లు మార్చింది నేనే. ఈసారి సరిగ్గా పెట్టాను.

అందుకే చెప్తున్నా, ఏ శబ్దం వచ్చినా పానా తియ్యకముందు ఒక్క పని చెయ్యండి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ, శబ్దం వస్తున్నప్పుడు ముందు బ్రేక్‌ని ఊరికే తాకండి. బండి ఆగేంత కాదు, లైటు వెలిగేంత. తాకగానే శబ్దం ఆగిపోతే క్యాలిపర్‌లో ఏదో వదులుగా ఉందని లెక్క: స్ప్రింగ్, పిన్, ప్యాడ్. తాకాకే మొదలైతే అది ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య రాపిడి. తాకినా తాకకపోయినా దాని పాటికి అది మోగుతూ ఉంటే బ్రేక్‌ని వదిలెయ్యండి, చక్రం సంగతి చూడండి. బ్రేక్ కాస్త గట్టిగా పట్టినప్పుడు ఒక్కసారి ‘టక్’ మని చేతులకి తగిలితే అది హ్యాండిల్ కింది కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, వదులైందేమో చూసుకోవాల్సిన కేసు. బండి నిలబెట్టి, ముందు బ్రేక్ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే అదే టక్ మళ్లీ దొరుకుతుంది. ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు, వాటి లోపలి బుష్‌లు అరిగినా ఇలాగే ఉంటుంది కాబట్టి ఊపేటప్పుడు కోన్ సెట్ దగ్గర వేలు పెట్టి చూడండి, కదలిక ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఈ తాకి చూసే సంగతి నాకు ముందే తెలిసుంటే పాత బండి మీద అంత ఖర్చు తగిలేదే కాదు. దానికి స్పీడు 40 దాటగానే గుర్ర్‌ మని ఒక మూలుగు. అందరూ బ్రేకే అన్నారు. ప్యాడ్లు మార్చాను. మూలుగు అలాగే ఉంది. డిస్క్ మార్చాను. అలాగే ఉంది. రోగమొకటి మందొకటి. ఒక రోజు దిగుడులో క్లచ్ పట్టి ఇంజిన్ ఆఫ్ చేసి వదిలితే, ఆ నిశ్శబ్దంలో ఇంకా బాగా వినిపించింది. బ్రేక్ తాకినా మారలేదు. అప్పుడు ముందు చక్రం గాల్లోకి లేపి, ఒక చేత్తో ఫోర్క్ పట్టుకుని ఇంకో చేత్తో చక్రం తిప్పాను. చెవికి ఏమీ వినపడలేదు కానీ ఫోర్క్ మీదున్న అరచేతికి ఇసుక నలిగినట్టు గరగర తెలిసింది. వీల్ బేరింగ్! చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కకి ఊపితే కొంచెం వదులు కూడా ఉంది. రెండు బేరింగులు మార్చాక బండి పిల్లిలా అయింది. కొత్త డిస్క్ మాత్రం అనవసరంగా మెరుస్తూ ఉండిపోయింది.

కేబుల్ స్పీడోమీటర్ ఉన్న బండి అయితే చక్రం మధ్యలో హబ్ దగ్గరి గేరు ఎండిపోయి కీచురాయిలా అరుస్తుంది, కేబుల్ విప్పి ఓసారి తిప్పి చూడండి. టైరు మెట్లుమెట్లుగా అరిగినా హోరు వస్తుంది. ఇవి రెండూ తేలిగ్గానే దొరుకుతాయి.

ఇంకొకటి, స్స్... స్స్... అని ఆగి ఆగి వచ్చే శబ్దం. టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి బండి తోసుకెళ్లండి. 17 అంగుళాల చక్రం ఒక చుట్టుకి సుమారు 2 మీటర్లు నడుస్తుంది. ప్రతిసారీ గీత ఒకే చోటికి వచ్చినప్పుడు స్స్ మంటే డిస్క్ వంకర అయి ఉండొచ్చు. చాలా బండ్ల మాన్యువల్లో ఒప్పుకునే వంకర 0.3 మిల్లీమీటర్లు, లేదా ఇంకా తక్కువే, కంటికి కనపడదు. బండి కడిగిన మర్నాడు పొద్దున రెండు మూడు బ్రేకుల వరకు వచ్చే గరగర మాత్రం డిస్క్ మీది సన్నటి తుప్పు. దానికి టెన్షన్ పడకండి.

ఇక ఆ కూత. దీనిలో ప్యాడ్లకి కొంత వాటా ఉంది, ఒప్పుకుంటాను. ప్యాడ్ డిస్క్‌ని పట్టి, జారి, మళ్లీ పట్టి, సెకనుకి వేల సార్లు వణికితే మనకి కీచుమని వినిపిస్తుంది. నా పాత ప్యాడ్ల మొహం అద్దంలా నున్నగా మెరుస్తోంది. దాన్ని చదునైన రాయి మీద ఎమరీ పేపరు పరిచి రుద్దాను. క్యాలిపర్ జరిగే పిన్నులు రెండూ తీస్తే ఒకటి నల్లగా ఎండిపోయి కదలడం లేదు. అందుకే లోపలి ప్యాడ్ బయటిదానికన్నా ఎక్కువ అరిగింది. తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టాను. చేతికందిన మామూలు గ్రీజు పెడితే పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి, వద్దు. గ్రీజు చుక్క కూడా ప్యాడ్ మొహానికి అంటకూడదు. డిస్క్ మీద చైన్ స్ప్రే, తుప్పు వదిలించే స్ప్రే కొట్టేవాళ్లున్నారు, శబ్దం నిజంగానే పోతుంది, బ్రేక్ కూడా పోతుంది. బ్రేక్ క్లీనర్ వాడండి. ఆ దుమ్ముని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తీయండి.

ఇంత చేశాక పాత ప్యాడ్లతో కూత రోజుకి ఒకటి రెండుసార్లకి దిగింది. కొత్తవాటితో అసలు లేదు. అంటే డబ్బా మీది మాటలో కూత వరకు కొంచెం నిజముంది. టికటికకి మాత్రం ఈ ప్యాడ్లకీ సంబంధం లేదు.

నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, డబ్బా తెరిస్తే రెండు ప్యాడ్లు, ఒక స్టిక్కర్. స్టిక్కర్ దేనికండీ? ‘శబ్దం ఉండదు’ అని రాసేవాడు ఒక కొత్త స్ప్రింగ్ వెయ్యొచ్చు, రెండు పొట్లాల సిలికాన్ గ్రీజు వెయ్యొచ్చు. స్ప్రింగ్ ఏ వైపు తిప్పి పెట్టాలో ఒక బొమ్మ వెయ్యొచ్చు. నాలాంటివాళ్లు నాలుగు నెలలు తిరగేసి తిరగరు. స్టిక్కర్ మా తమ్ముడి హెల్మెట్ మీదుంది.

మరి ఈ ప్యాడ్లు ఉంచుకున్నానా? ఉంచుకున్నాను. వానలో ఒక రోజు చూశాను. పాతవైతే తడిసిన డిస్క్ మీద మొదటి క్షణం ఏమీ జరగనట్టు ఉండి తర్వాత పట్టేవి, గుండె జారేది. ఇవి వేలు వెయ్యగానే పట్టాయి. ఆ ఒక్క వేలి నమ్మకానికి నేను పడిపోయాను. సింటర్డ్ కాబట్టి డిస్క్‌ని కాస్త ఎక్కువ తింటాయి, మీ డిస్క్‌కి సింటర్డ్ వెయ్యొచ్చో లేదో మాన్యువల్లో చూసుకోండి, డిస్క్ మీద కనీస మందం చెక్కి ఉంటుంది, అది కూడా కొలవండి. వేసిన వెంటనే బండి కదపకముందు లివర్ గట్టిపడేదాకా నొక్కండి, లేకపోతే మొదటి బ్రేక్ ఖాళీ. తర్వాత స్పీడు 50 నుంచి 10 వరకు పది పదిహేను సార్లు మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ సెట్ చెయ్యండి.

శబ్దం కోసమే కొంటానంటే మాత్రం ముందు క్యాలిపర్ విప్పి చూడండి. పది నిమిషాల పని.

ఏంట్రా?

‘అన్నా, నా బండి కూడా ముందు చక్రం దగ్గర ఏదో మోగుతోంది.’

బ్రేక్ తాకితే ఆగుతుందా?

‘ఆగదు.’

సరే, కెమెరా ఆపి సెంటర్ స్టాండ్ వెయ్యి.