బ్యాకప్ తీశామన్నారు సరే, తెరిచి చూశారా?

(వరంగల్‌లో వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. మార్కెట్‌కు సెలవు రోజైనా ఇంటిపట్టున ఉండకుండా వచ్చిన అడ్తిదారులకు, ఖరీదుదారులకు, మిల్లుల వారికి, దుకాణదారులకు నమస్కారం. వెనుక వరుసలో కూర్చున్న గుమస్తాలకు మరొక్కసారి నమస్కారం. కంప్యూటర్ లెక్కలకు తీసి ఉంచే నకలు, అదే బ్యాకప్ గురించి ఈ రోజు నేను చెప్పే మాటలు అసలు వారికోసమే. యజమానులు మధ్యలో ఫోను చూసుకున్నా నేను ఏమీ అనుకోను.

హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ల దుకాణం నడుపుతున్నాను. కొత్త కంప్యూటర్ కొనడానికి వచ్చినవారు బేరమాడతారు. పాడైన కంప్యూటర్ మోసుకొచ్చినవారు మాత్రం ధర అడగరు. "డబ్బు ఎంతైనా ఇస్తాను, లెక్కలు తీసివ్వు" అంటారు. అలా వచ్చిన ఒకాయన కథతో మొదలుపెడతాను.

2023 జూలై 27 మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. మన ఊళ్లో హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీల్లో పడవలు తిరిగాయి. తర్వాత భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. నీళ్లు తీశాక ఒక ఇనుము, సిమెంటు వ్యాపారి యూరియా సంచిలో సీపీయూ పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పక్క రేకు విప్పితే లోపల వేలెడు మందాన ఒండ్రు, ఫ్యాను రెక్కకు అతుక్కుని ఒక చిన్న నత్త. లెక్కలన్నీ దాచి ఉంచే హార్డ్‌డిస్క్ పైన గాలి ఆడటానికి సూదిమొనంత రంధ్రం ఉంటుంది, దాన్ని మూయవద్దని పక్కనే అచ్చు వేసి ఉంటుంది. బురదనీరు లోపలికి పోయింది ఆ దారినే. అయినా ఆశ ఉండేది. కానీ ఆయన ఇంట్లోనే టేబుల్ ఫ్యాను ముందు పెట్టి ఆరబెట్టి, స్విచ్ వేసి చూశారు. తిరిగే పళ్లెం మీద ఇసుక రేణువులు గీతలు గీశాయి. తడిసిన హార్డ్‌డిస్క్‌కు కరెంటు ఇవ్వకండి. చేతకాకపోతే ఏమీ చేయకుండా తీసుకురండి, అదే పెద్ద సాయం.

ఆయన మాత్రం ధైర్యంగానే ఉన్నారు. "బ్యాకప్ ఉందన్నా, మా అబ్బాయి రోజూ తీస్తాడు" అని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. అది కూడా అదే బల్ల సొరుగులో మునిగిందే. పెన్‌డ్రైవ్‌లో తిరిగే భాగాలు లేవు కాబట్టి కడిగి, బాగా ఆరనిచ్చి పెట్టాము. తెరుచుకుంది! ఆయన నా భుజం తట్టారు కూడా. అప్పుడు ఫైళ్ల తేదీలు చూశాను. అన్నీ 2021 మార్చివే.

గుమస్తా అబ్బాయి తప్పేమీ లేదు. నిజంగానే రోజూ రాత్రి బ్యాకప్ బటన్ నొక్కేవాడు. 2021లో కంప్యూటర్ మార్చినప్పుడు, బ్యాకప్ వెళ్లవలసిన చోటు పెన్‌డ్రైవ్‌కు బదులు డి డ్రైవ్‌కు మారింది. డి డ్రైవ్ అంటే అదే హార్డ్‌డిస్క్‌లో ఇంకో గది. ఇల్లు తగలబడితే పనికొస్తాయని నగలను అదే ఇంటి అటక మీద రెండేళ్లకు పైగా దాచినట్టు అయింది.

పెద్ద పెద్దవాళ్లకూ ఇదే జరిగింది. ప్రోగ్రాములు రాసేవారు తమ పనిని భద్రపరచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థ ఉంది. 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసును తుడిచేశాడు. బ్యాకప్ కోసం వారికి ఐదు పద్ధతులున్నాయి. అవసరం పడ్డ రోజున ఒక్కటీ సరిగా పనిచేయలేదు. ఎవరో ఆరు గంటల ముందు వేరే పనికి తీసి ఉంచిన నకలు దొరికి బతికిపోయారు. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. ఇంతటి కథను దాచకుండా లోకానికి చెప్పుకున్నారు, అందుకు మెచ్చుకోవాలి.

మన సిమెంటు వ్యాపారికి ఏం దక్కింది? జీఎస్టీ పోర్టల్‌లో రిటర్నులు ఉన్నాయి, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నాయి, ఆడిటర్ దగ్గర కొంత ఉంది. పన్ను లెక్కలు తిరిగి కూర్చగలిగాము. కానీ ఉద్దెర ఖాతా? ఏ మేస్త్రీ ఎంత బాకీ ఉన్నాడో జీఎస్టీ పోర్టల్‌కు తెలియదు. అడ్తిదారులూ, మీరూ వినండి. ఎనుమాముల మార్కెట్‌లో అమ్మిన మిర్చికి, పత్తికి ధర ఎంతో ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్ ఇ-నామ్‌లో ఉంటుంది, అమ్మకం చీటీ తక్‌పట్టీలో ఉంటుంది. విత్తనాలకని మీరు రైతుకు ఇచ్చిన చేబదులు మీ కంప్యూటర్లో తప్ప ఎక్కడా ఉండదు. ఆ వ్యాపారి దగ్గరికి కొందరు మేస్త్రీలు వాళ్లంతట వాళ్లే వచ్చి "నేను ఇంత ఇవ్వాలి" అని చెప్పి వెళ్లారు. కొందరు ఆ వీధి గుండా రావడం మానేశారు.

వరంగల్‌లో మైకు పట్టుకున్నవాడు కాకతీయులను తలచుకోకుండా దిగకూడదు కదా. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును వెనుకటి రాజులు స్వాధీనం చేసుకునేవారట. నేను అలా చేయను, నియమిత సుంకం తప్ప తీసుకోను అని గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వ్యాపారులకు అభయమిచ్చి రాతి మీద చెక్కించాడు. ఆ రాయి ఇప్పటికీ చదవడానికి వస్తుంది. మన హార్డ్‌డిస్క్ ఐదేళ్లు నిలుస్తుందన్న భరోసా లేదు. జీఎస్టీ చట్టమేమో వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచమంటుంది. అంటే మీ కంప్యూటర్ ఆయుష్షు కంటే మీ లెక్కల ఆయుష్షు ఎక్కువ ఉండాలి.

దారి ఏమిటి? పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ తన ఫోటోలు పోకుండా ఉండటానికి చెప్పిన లెక్కనే ఇప్పుడు చాలా కంపెనీలు పాటిస్తున్నాయి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. కంప్యూటర్లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, మూడోది దుకాణానికి దూరంగా. బావమరిది ఇల్లు ఫరవాలేదు, ఆయన ఇల్లు కూడా హంటర్ రోడ్డులోనే ఉండకపోతే చాలు. బ్యాకప్ అయ్యాక ఆ హార్డ్‌డిస్క్ వైరు పీకేయాలి. దానికి కారణం వరద కాదు, దొంగ.

రాన్సమ్‌వేర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్‌కు ఎత్తుకుపోవడం అసలు పని కాదు. మీ ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడుగుతాడు. కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ప్రతి డిస్కుకూ తాళం పడుతుంది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది, మొదట 300 డాలర్లు అడిగింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివారు దొరికిపోయారు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లే ఇలాంటి దాడికి గురయ్యాయి. కొనకుండా దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వేసుకుంటూ, అది చెప్పిందని యాంటీవైరస్ ఆపేసే వారు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. చేతులెత్తమని అడగను.

"మాది గూగుల్ డ్రైవ్‌లో ఉంది, మాకేం భయం" అంటారు కొందరు. కంప్యూటర్‌తో ఎప్పటికప్పుడు సరిపోల్చుకునే డ్రైవ్ అద్దం లాంటిది. మీ జుట్టు చెరిగితే అద్దంలోనూ చెరుగుతుంది. ఇక్కడ ఫైలు పాడైతే అక్కడికీ పాడైన ఫైలే వెళుతుంది. పాత ప్రతులు సాధారణంగా ముప్పై రోజులు ఉంటాయి, ఆ లోపు కళ్లు తెరవాలి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయండి.

పాస్‌వర్డ్‌ల గురించి ఒక్క ముక్క. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో, డేటాకు తాళం వేసే వాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి మరిచిపోతే తెరవగల మొనగాడు లేడు, ట్యాలీ కంపెనీ కూడా తెరవలేదు. గుమస్తా ఊరెళితే దుకాణం ఆగిపోకూడదు. కాగితం మీద రాసి, కవరు అంటించి, ఇంటి బీరువాలో పెట్టండి. మానిటర్‌కు అంటించకండి.

చివరిగా, మీది కాని డేటా. రైతుల ఆధార్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు గుమస్తాల వాట్సాప్‌లో కుప్పలుగా ఉన్నాయి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలవుతాయి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. మన స్థాయికి అంత వేయరు, నిజమే. కానీ మన దుకాణం నుంచి జారిన పాస్‌బుక్ ఫోటోతో ఒక రైతు ఖాతా ఖాళీ అయితే రేపు అతని ముఖం ఎలా చూస్తాము? పని అయిపోయిన ఫోటోను ఆ రోజే తుడిచేయండి. పాత కంప్యూటర్ అమ్మేటప్పుడు హార్డ్‌డిస్క్ తీసి ఉంచుకోండి.

ఇక టీ తాగుదాం. బయట బల్ల మీద ఇంటర్నెట్ లేని కంప్యూటర్ ఒకటి పెట్టించాను. బ్యాకప్ వెంట తెమ్మని ముందే కబురు పెట్టాము కదా, తెచ్చినవారు తగిలించి తెరిచి చూసుకోవచ్చు. మీటలు మీ గుమస్తాయే నొక్కుతాడు, నేను తెర వైపు చూడను, మీరు వెళ్లేముందు అంతా తుడిచేస్తాము. నిన్నటి చివరి బిల్లు నంబరు ఒక చీటీ మీద రాసుకుని రండి. తెరిచాక అదే నంబరు కనిపించాలి.