బిస్కెట్ల డబ్బాలోని కొవ్వొత్తి ముక్కలు

శ్రోతలందరికీ నమస్కారం.

మా వంటగది అలమరలో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. కరెంటు పోయినప్పుడు వెలిగించి, రాగానే ఆర్పేసిన కొవ్వొత్తుల ముక్కలు, పుట్టినరోజు కేకు మీద రెండు నిమిషాలు కూడా వెలగని చిన్నచిన్నవి, అన్నీ అందులోకే చేరతాయి. పోయిన దసరా సెలవుల్లో మా మనవరాలు దాని మూత తీసి, "అమ్మమ్మా, ఇవన్నీ కలిపి కొత్తది చెయ్యొచ్చా?" అని అడిగింది. దానికి తొమ్మిదేళ్లు. నిక్షేపంగా చెయ్యొచ్చు. పిల్లలతో ఒక పూట గడపడానికి ఇంతకంటే మంచి పని నాకు తెలియదు, అందుకే ఇవాళ మీకు చెబుతున్నాను.

కొవ్వొత్తి అన్న మాటలోనే కొవ్వు ఉంది, వత్తి ఉంది. ఒకప్పుడు జంతువుల కొవ్వు కరిగించి చేసేవారు. ఇప్పుడు కొట్లో దొరికేవి ఎక్కువగా పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్ మైనంతో చేసినవి.

అందరూ ముందు మైనం సంగతి చూస్తారు. నన్నడిగితే వత్తితో మొదలుపెట్టండి. మేం మొదటిసారి కుట్టుదారం ఒక్క పోగు వేశాం. వెలిగించిన కాసేపటికే అది చుట్టూ కరిగిన మైనంలో మునిగి, కొడిగట్టి ఆరిపోయింది. పిల్ల ముఖం చిన్నబోయింది.

రెండోసారి కాస్త లావుపాటి నూలుదారం మూడు పోగులు ఇచ్చి జడ అల్లమన్నాను. బొమ్మలకి రోజూ అల్లే చెయ్యే కదా! దారం కొస నా కాలి బొటనవేలికి కట్టి, నాలుక కొంచెం బయటపెట్టి, ఊపిరి బిగబట్టి అల్లింది. ఆ వత్తి చక్కగా వెలిగింది. మీ దగ్గరున్నది నూలుదారమో కాదో తేలకపోతే చిన్న ముక్క కాల్చి చూడండి. నూలైతే బూడిద అవుతుంది. నైలాన్, పాలిస్టర్ లాంటిదైతే కరిగి చివర గట్టిపూస కడుతుంది, అది వత్తికి పనికిరాదు.

మైనం కరిగించడం మాత్రం పెద్దవాళ్ల పనే. గిన్నెను నేరుగా సెగ మీద పెట్టకండి. పెద్ద గిన్నెలో సగానికి నీళ్లు పోసి, అందులో మైనం ముక్కలు వేసిన చిన్న గిన్నె పెట్టండి. మామూలు కొవ్వొత్తి మైనం 60 డిగ్రీల దగ్గర్లోనే కరుగుతుంది. నీళ్లు ఎంత మరిగినా 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనం మితిమీరి కాగదు. నేరుగా సెగ తగిలితే కాగి కాగి అంటుకుంటుంది. ఒకవేళ అంటుకుంటే నీళ్లు పోయకండి, మంట ఎగిసిపడుతుంది. స్టవ్ కట్టేసి, మూత పెట్టెయ్యండి. ఆ మూత ముందే చేతికందేలా ఉండాలి. చర్మం మీద వేడి మైనం పడితే కుళాయి కింద చల్లటి నీళ్లు 20 నిమిషాలు పోనివ్వండి. ఇంకు, టూత్‌పేస్టు రాయకండి. ఇంకో మాట, మిగిలిన మైనం సింకులో పోస్తే పైపులో గడ్డకడుతుంది.

అల్లిన వత్తిని ఒకసారి మైనంలో ముంచి, సాగదీసి ఆరబెడితే పుల్లలా నిలబడుతుంది. దాన్ని ప్రమిద మధ్యలో నిలబెట్టి, పై కొసను చీపురుపుల్లకి చుట్టి, ఆ పుల్లను అంచుల మీద అడ్డంగా పెట్టడం మా పిల్ల చేసింది. పోయడం నేను చేశాను. రంగు కోసం క్రేయాన్లు వేద్దామంది. వాటి రంగుపొడి వత్తికి అడ్డుపడుతుంది, అందుకని డబ్బాలోంచే ఎర్ర ముక్కలు ఏరి కరిగించాం. లేత గులాబీ రంగు వచ్చింది.

ఇక కదపకుండా వదిలెయ్యాలి. పిల్లలకి అన్నిటికంటే కష్టం ఇదే. మా పిల్ల గుమ్మం దగ్గర కూర్చుని చూస్తూనే ఉంది. మైనం అంచుల నుంచి లోపలికి మసకబారుతూ వచ్చింది. గంట గడిచాక, "అమ్మమ్మా, వత్తి చుట్టూ గుంట పడింది!" అని కేకేసింది. మైనం చల్లారేటప్పుడు కుదించుకుపోతుంది. అందుకే కొంచెం మైనం మిగుల్చుకుని, రెండో విడత ఆ గుంటలో పోయాలి.

సాయంత్రం ఫ్యాన్ ఆపి, మా పిల్ల జుట్టు వెనక్కి ముడివేసి, కింద పళ్లెం పెట్టి వెలిగించాం. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకోసం ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. అందులో ఆయన చేసి చూపించిన ఒక తమాషా మేమూ చేశాం. కొవ్వొత్తిని మెల్లగా ఆర్పితే తెల్లటి పొగ లేస్తుంది. వత్తికి రెండంగుళాల పైన, ఆ పొగలో వెలుగుతున్న అగ్గిపుల్ల పెట్టాను. మంట పొగ వెంట కిందికి దిగి వత్తిని అందుకుంది. ఎందుకంటే ఆ పొగ ఇంకా కాలని మైనపు ఆవిరే.

పిల్ల కళ్లు ఇంతింత చేసుకుని నా చెయ్యి పట్టుకుంది. "ఇంకొక్కసారి, అమ్మమ్మా." ఆ రాత్రి అగ్గిపెట్టె సగం ఖాళీ అయింది.

సెలవు, నమస్కారం.